ఏ స్పీకరు ఉంచుకోవాలి?

"ఇది కూడా లాభం లేదు" అన్నారు మామగారు, గిటారు ఒళ్లోంచి తీసి సోఫాలో పెడుతూ.

హాల్లో నల్లటి స్పీకరు బళ్లో తప్పుచేసిన పిల్లాడిలా గోడవారగా నిలబడి ఉంది. దాని అట్టపెట్టెను అత్తగారు మంచం కింద దాచింది. మొదటి స్పీకరు పెట్టెను చెత్తలో వేసేసి, స్పీకరు వెనక్కి ఇచ్చేటప్పుడు షాపువాళ్ల చేత నాలుగు మాటలు పడ్డాక ఆవిడకి ఆ తెలివి వచ్చింది.

"నిన్న సాయంత్రం బాగుందన్నావు కదా నాన్నా" అన్నాడు కొడుకు.

"నిన్న బాగానే ఉంది. ఇవాళ ముసుగేసుకుని మాట్లాడినట్టుంది."

"ముసుగా!" అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "నా చెవుల్లో సూదులు దిగుతుంటే ముసుగంటారేంటండీ? కొంచెం తగ్గించి పుణ్యం కట్టుకోండి!"

మామగారు గిటారు మోతను పెంచే ఆంప్ పెట్టె మీదున్న నాబ్‌ని వెనక్కి తిప్పారు.

కోడలికి ఎవరి వైపు చూడాలో తెలియలేదు. ఆమె చెవిలోనూ సూదులే దిగాయి. కానీ జుట్టు నెరిసేదాకా గిటారు పట్టుకున్న మనిషి ముసుగు అంటుంటే, ఈ సరుకు గురించి నిన్నగాక మొన్న చదవడం మొదలుపెట్టిన తను సూదులని ఎలా అంటుంది? ఒకే గదిలో, ఒకే స్పీకరు ముందు నిలబడి, ఒకరికి సూది, ఒకరికి ముసుగు ఎలా అవుతాయో ఆలోచించి ఆలోచించి ఆమె తల దిమ్మెక్కిపోయింది.

"నాకు తెలిసింది ఒకటే" అంటూ కొడుకు లేచాడు. అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. "లిఫ్టు ఆగిపోయిందని పిలిస్తే, ఈమధ్య ఏం మార్చారని ముందు అడుగుతాం. మార్చిన చోటే తప్పుంటుంది. మనింట్లో ఏం మారింది? పాత ఆంప్ పోయింది, ఈ పెట్టె వచ్చింది. ఎవరు తెచ్చారు?"

ఎవరో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ చెప్పలేదు.

ఇద్దరు మనుషులు పడితే గానీ కదలని ఆ పాత ఆంప్‌కి అత్తగారు కాపురానికొచ్చిన కొత్తల్లోనే 'సవతి' అని పేరు పెట్టింది. మొగుడు తన మొహం కంటే దాని మొహమే ఎక్కువ చూస్తాడని ఆవిడ ఫిర్యాదు. దాన్ని మెట్లెక్కిస్తూ మామగారి నడుం పట్టేసినప్పుడు, సవతిని సాగనంపుదామని మొదట నోరు విప్పింది కోడలు. చంకలో పెట్టుకుని వెళ్లిపోయేంత డిజిటల్ ఆంప్ ఒకటి వచ్చిందని, ఆ చిన్న పెట్టె రకరకాల ఆంప్‌ల గొంతుల్ని అచ్చుగుద్దినట్టు అనుకరిస్తుందని ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. మామగారు ఎదురు చెబుతారని అందరూ నడుం బిగించి కూర్చుంటే, ఆయన ఒక్క మాటైనా అనకుండా సరే అన్నారు. సవతి ఒక పాత శిష్యుడి ఇంటికి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఈ ఇంట్లో శాంతి లేదు.

పోయిన ఆదివారం రిహార్సల్లో పరువు కూడా పోయింది. పాట మధ్యలో, పాడే అమ్మాయి మైకు కింద పెట్టేసి, "ఆ గిటారు నా బుర్రలో దూరుతోంది, నావల్ల కాదు" అంటూ బయటికి వెళ్లిపోయింది. ఆర్కెస్ట్రా నడిపే లీడరు మామగారికి పాత స్నేహితుడు కాబట్టి గట్టిగా అనలేకపోయాడు. "మాస్టారూ, వచ్చే ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి వింటాను. సౌండు సరిపోతే పెద్ద కచేరీకి మీరే. లేదంటే కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుందురు గాని" అన్నాడు. విశ్రాంతి అనే మాటకి అర్థం ఆ వయసువాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ ఆదివారం ఇవాళే.

గదిలోకి వెళ్లి చొక్కా మార్చుకుంటున్న భర్త వెనకాలే వెళ్లింది కోడలు.

"అందరి ముందూ అలా అనడం దేనికి? నేను పేరు చెప్పలేదంటావు, అంతేనా?"

"పేరు చెప్పలేదుగా."

"వేలు మాత్రం చూపించావు."

అతను గుండీలు పెట్టుకోవడం ఆపాడు. "నాన్న పొద్దున్న కాఫీ కూడా తాగలేదు, చూశావా? ఆయనకి గిటారు తప్ప ఇంకేమీ రాదు. ఆర్కెస్ట్రాలో ఆ కుర్చీ పోతే ఆయన ఏమైపోతాడో నాకు భయంగా ఉంది. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చు. తేలకపోతే నేను ఊరుకోను."

"ఊరుకోక ఏం చేస్తావు?"

అతను మళ్లీ గుండీల మీద చెయ్యి వేశాడు. "ఏమో. ఊరుకోను, అంతే."

*

సంగీత పరికరాల షాపుకి మామాకోడళ్లు ఇద్దరే వెళ్లారు. ఆదివారం కూడా తెరిచి ఉంచే షాపది. లోపల ఒకడు డ్రమ్ము మీద, ఇంకొకడు కీబోర్డు మీద ఎవరి లోకంలో వాళ్లున్నారు.

"స్పీకర్లు రెండు జాతులు మేడం" అన్నాడు షాపతను. "మీ ఇంట్లో ఉన్నది ఉన్నదున్నట్టు వినిపించే జాతి. దానికి సొంత అభిప్రాయం ఉండదు, పెట్టె ఏం చెబితే అదే చెబుతుంది. ఇదిగో, ఇది గిటారు క్యాబినెట్, గిటారు కోసమే చేసిన స్పీకరు. దీనికి సొంత గొంతు ఉంటుంది. పాత ఆంప్‌లు వాడిన చేతికి ఇదే నచ్చుతుంది."

"పోయిన వారం అదే మంచిదన్నారు కదా?"

"పోయిన వారం అదే మంచిది మేడం."

"మరి ఇప్పుడు?"

"సార్‌కి నచ్చలేదు కాబట్టి ఇప్పుడు ఇది మంచిది."

ఈ లెక్క ఆమెకి కొత్త. ఆమె కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్షించే మనిషి. ఆమె దగ్గరికి వచ్చినవాళ్లకి అక్షరం కనిపిస్తుంది, లేకపోతే కనిపించదు. వారం తిరిగేసరికి మంచి అద్దం చెడ్డదైపోవడం అక్కడ ఎన్నడూ చూడలేదు.

షాపతను ఆగలేదు. పెట్టె లోపలే గిటారు స్పీకరు గొంతుకి నకలు ఒకటుంటుందట, ఉన్నదున్నట్టు వినిపించే స్పీకరుకైతే దాన్ని వేసి ఉంచాలట, నిజం క్యాబినెట్ పెడితే తీసేయాలట. ఆ మాట ఆమె చెవిన పడింది గానీ తలకెక్కలేదు. ఎందుకంటే అప్పటికే అతను కేబుళ్ల మీదికి వెళ్లిపోయాడు. గిటారుకి పెట్టే కేబులూ, స్పీకరుకి పెట్టే కేబులూ రెండూ నల్లగా, ఒకే లావుగా, ఒకే మూతితో ఉన్నాయి.

"ఒకదాని చోట ఇంకోటి పెడితే?"

"పెట్టకూడదు మేడం."

"పొరపాటున పెడితే?"

"ఆంప్ కాలిపోవచ్చు."

"అలాంటప్పుడు వేరే రంగులో చేయొచ్చు కదా?"

"చేయొచ్చు మేడం" అని ఒప్పుకున్నాడు అతను, ఆ సంగతి తనకేమీ పట్టనట్టు. ఆమె జడకున్న రబ్బరు బ్యాండు తీసి స్పీకరు కేబులుకి చుట్టుకుంది.

తర్వాత కాళ్లతో నొక్కే మీటల పలక వచ్చింది. అందులో ఒక మీట నొక్కి వాయిస్తే, వాయించింది పట్టుకుని మళ్లీ మళ్లీ తనే వినిపిస్తుందట. మోత పెంచి తగ్గించే పెడలు, చక్రాల సంచి, స్పీకరు కింద పెట్టే మెత్త కూడా వచ్చాయి. ఏది అవసరమో ఏది అలంకారమో తెలియక ఆమె మామగారి వైపు చూసింది. ఆయన తనకేమీ సంబంధం లేనట్టు, క్యాబినెట్‌కి కలిపి ఉన్న షాపు గిటారు తీసుకుని వాయించడం మొదలుపెట్టారు.

మొదట్లో బాగుంది. ఆ తర్వాత ఆయన చెయ్యి ట్రెబుల్ నాబ్ మీదికి వెళ్లింది. సన్నటి మోతను పెంచే నాబ్ అది. కొంచెం తిప్పారు. ఇంకొంచెం తిప్పారు. చివరంటా తిప్పారు. డ్రమ్ము వాయించేవాడు వాయించడం ఆపి ఇటు తిరిగాడు. షాపతను నవ్వు చెదరకుండా పళ్లు బిగబట్టాడు.

"బాగుందా?" అని అడిగారు మామగారు.

"అదిరిపోయింది సార్."

"అయితే ఇదే పంపించండి."

బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆమెకి ఒక సంగతి మింగుడుపడలేదు. మామగారు ఒకరి అభిప్రాయం అడిగే మనిషి కాదు. శిష్యుల తల్లిదండ్రుల మొహం మీదే "మీవాడికి సంగీతం రాదు, తీసుకుపోండి" అని చెప్పిన ఘనుడు. అలాంటి ఆయన స్పీకర్లు అమ్ముకునేవాణ్ని బాగుందా అని అడగడం ఏమిటి?

"మామయ్యా, మీకు నిజంగా నచ్చిందా?"

"షాపతను బాగుందన్నాడుగా."

"అతను అన్నీ బాగున్నాయనే అంటాడు."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

*

మీటల పలకతో పాటు క్యాబినెట్ ఇంటికొచ్చింది. అట్టపెట్టె మంచం కింద రెండో పెట్టె పక్కకి చేరింది. కోడలు రబ్బరు బ్యాండున్న కేబులు ఏదో చూసి, ఇంకోసారి చూసి, దేవుడా అనుకుంటూ పెట్టింది. మామగారు వాయించారు.

ఈసారి నిజంగానే ముసుగు పడింది. పక్కింటి గోడ అవతల ఎవరో గిటారు వాయిస్తున్నట్టుంది.

"హమ్మయ్య, ఇప్పుడు ప్రాణానికి హాయిగా ఉంది" అంది అత్తగారు.

"హాయేంటమ్మా, ఇది మరీ మూగగా ఉంది కదా" అని పెళ్లాం వైపు తిరిగాడు కొడుకు. "చూశావా? తప్పు స్పీకరుది కాదు. నీ పెట్టెదే!"

షాపతను చెప్పిన నకలు సంగతి కోడలికి అప్పుడు తట్టింది. లోపల నకలు స్పీకరు, బయట నిజం స్పీకరు, చొక్కా మీద చొక్కా తొడిగినట్టు అయింది. ఆమె పెట్టె మీద మీటలు నొక్కుకుంటూ, ముందుకెళ్లి వెనక్కొచ్చి, చివరికి ఆ నకలుని పట్టుకుని తీసేసింది.

"ఇప్పుడు వాయించండి మామయ్యా!"

తలుపులు తెరిచినట్టు మోత ఒక్కసారిగా విచ్చుకుంది. కొడుకు కళ్లు పెద్దవి చేశాడు. "ఇదే! ఇదే కదా కావాల్సింది!" అన్నాడు. పొద్దుటి మాటలన్నీ ఒక్క క్షణంలో మర్చిపోయాడు. కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అందరూ మామగారి వైపు తిరిగారు.

"ఇందాకటికీ ఇప్పటికీ ఏం తేడా ఉంది?" అన్నారాయన.

ఎగతాళి చేస్తున్నారేమో అనుకున్నారు. ఆయన మొహంలో ఎగతాళి లేదు. చెయ్యి మళ్లీ ట్రెబుల్ నాబ్ వైపు వెళ్లింది. అత్తగారు మళ్లీ అరిచింది. ఆయన మళ్లీ తగ్గించారు.

"నాకేం అర్థం కావట్లేదు" అన్నాడు కొడుకు నీరసంగా. "నేను వెళ్లి లీడరుగారిని తీసుకొస్తాను. ఈలోగా రెంటిలో ఏ స్పీకరు ఉంచాలో తేల్చండి. రెండోది షాపుకి పంపేయాలి." బండి తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

కోడలికి మాత్రం 'ఏం తేడా ఉంది' అన్న మాట చెవిలో అలాగే ఉండిపోయింది. పాటలు తెలియని అత్తగారికి తెలిసిన తేడా, లిఫ్టులు బాగుచేసే కొడుక్కి తెలిసిన తేడా, ఆయనకి తెలియకపోవడమా? ఆయన మొండికేశారా? తన మీద కోపమా? సవతి మీద బెంగా?

"మామయ్యా, ఒక్కసారి మా షాపు పద్ధతిలో చూద్దామా?"

ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఆయన చేత చిన్న ముక్క ఒకటి వాయింపజేసి, మీటల పలకతో దాన్ని పట్టింది. ఏ స్పీకరు మోగుతోందో కనిపించకుండా రెంటి మీదా పల్చటి దుప్పటి కప్పింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయనకి ఎదురుగా పెట్టె ముందు నేల మీద తను కూర్చుంది.

"ఇదా?" ముక్క మోగింది. "లేక ఇదా?" మళ్లీ మోగింది. మొదటి అద్దమా, రెండో అద్దమా అని పొద్దస్తమానం అడిగే గొంతే అది.

"రెండోది" అన్నారు.

"ఇదా? ఇదా?"

"మొదటిది."

ఆమె చేతులు కదిపింది గానీ ఏమీ మార్చలేదు. మోగింది ఒకే స్పీకరు. అది పెద్ద విషయం కాదు. అద్దాల దగ్గర కూడా చాలామంది ఒకే అద్దాన్ని రెండుగా చెబుతారు. ఆమె ఈసారి ట్రెబుల్ పూర్తిగా తీసేసింది. ముక్క మొద్దుబారిపోయి, బురదలో నడిచినట్టు నడిచింది.

"ఇది?"

మామగారు స్పీకర్ల వైపు చూడలేదు. ఆమె మొహంలోకి చూశారు.

ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. అట్ట మీద చివరి వరస అక్షరాలు కనిపించనివాళ్లు అట్ట వైపు చూడరు, పరీక్ష చేసే మనిషి మొహంలో జవాబు వెతుక్కుంటారు. ఆమె మొహం మాత్రం మారనివ్వలేదు.

"ఇందాకటిదే కదా" అన్నారు, కాస్త ఆలస్యంగా.

ఆమె నాబ్‌ని చివరంటా అటువైపు తిప్పింది. తన పళ్లే జివ్వుమన్నాయి. మామగారు కదలకుండా ఆమెనే చూస్తున్నారు.

"చంపేస్తున్నారు బాబోయ్! తగ్గించండి!" అని వంటింట్లోంచి కేక వినబడింది.

"ఆఁ, ఇది కొంచెం పదునెక్కువైంది" అన్నారు మామగారు వెంటనే.

ఆమె కాలు చాపి మీట నొక్కింది. ముక్క ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి మామయ్యా?" అని అడిగింది మెల్లగా.

ఆయన ఏమిటని అడగలేదు. గిటారు తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు, వాయించడానికి కాదు, పట్టుకోవడానికి.

"తెలీదమ్మా. ఒకసారి కొత్త తీగలు వేశాను. కొత్త తీగకి ఒక మెరుపుంటుంది, అది లేదు. తీగలు నాసిరకం అనుకున్నాను. వేరేవి వేశాను. అవీ అంతే. కేబులు పాడైందనుకున్నాను. అదీ మార్చాను. ఆ తర్వాత ఆంప్ ముసలిదైపోయిందనుకున్నాను. దాని ట్రెబుల్ చివరంటా తిప్పేసి వాయించేవాణ్ని. అది నిజంగానే ముసలిది కాబట్టి ఎవరి చెవికీ గుచ్చుకోలేదు. నువ్వు కొత్తది కొందామన్నప్పుడు నాకు ఎంత సంతోషమైందో నీకు తెలీదు."

ఇంతకాలం ఇల్లంతా కలిసి ఆమె నెత్తిన రుద్దిన తప్పు అది.

"ఆ పెట్టెలో అన్ని గొంతులూ ఉన్నాయన్నావు కదా. నాది కూడా ఎక్కడో దొరుకుతుందనుకున్నాను" అన్నారాయన. "స్పీకరు మార్చాను. మళ్లీ మార్చాను. ఇంక అనుకోవడానికి ఏమీ మిగల్లేదమ్మా."

"డాక్టరు దగ్గరికి వెళదాం మామయ్యా. దీనికి దారులుంటాయి. రేపే వెళదాం."

"కచేరీ కానీ. ఆ తర్వాత చూద్దాం." ఆయన గొంతు తగ్గించారు. "మీ ఆయనకి చెప్పకు. వాడు మంచివాడే. కానీ వాడికి తెలిస్తే, నాన్నా జాగ్రత్త, నాన్నా చాలు అంటూ ఈ గిటారుని అటకెక్కిస్తాడు. లీడరుకి తెలిస్తే చెప్పనే అక్కర్లేదు. వేళ్లు సరిగ్గానే ఉన్నాయి చూడు. శ్రుతి కూడా తెలుస్తోంది. ఆ మెరుపొక్కటే పోయింది."

"మరి సాయంత్రం...?"

"నాబ్‌లు నువ్వు పెట్టు. నేను ముట్టుకోను."

చెప్పాలా? చెప్పకూడదా? చెబితే తన మీద పడ్డ నింద ఈ నిమిషంలో తొలగిపోతుంది. ఆ నింద ఆయన నెత్తికి ఎక్కుతుంది, ఇంక దిగదు. చెప్పకపోతే, అబద్ధం ఆడినట్టా, ఆయన్ని కాపాడినట్టా? ఆమె ఎటూ తేల్చుకోకముందే బయట బండి ఆగింది.

*

లీడరు చెప్పులు విడుస్తూనే అడిగాడు. "ఏం మాస్టారూ, జబ్బు ఎక్కడుందో కనిపెట్టారా?"

మామగారి చెయ్యి గిటారు మెడ మీద బిగుసుకుంది. కొడుకు పెళ్లాం వైపు తిరిగాడు. "చెప్పు. స్పీకరుదా, పెట్టెదా?"

అత్తగారు కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"తప్పు నాదే అంకుల్" అంది కోడలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "లోపల ఒక సెట్టింగుంది. అది తీసేయాల్సింది, నేను తీయలేదు. నాబ్‌లు కూడా తెలిసీ తెలియక నేనే ఇష్టమొచ్చినట్టు తిప్పాను. ఇప్పుడు సరిచేశాను."

"నేను పొద్దున్నే చెప్పానా లేదా!" అన్నాడు కొడుకు. అందులో కోపం కంటే గండం గడిచిన సంతోషమే ఎక్కువ. అయినా ఆ మాట ఆమెకి చురుక్కుమంది.

మామగారు తల దించుకుని వాయించారు. ఆమె పెట్టిన చోట నాబ్‌లు కదలకుండా ఉన్నాయి. క్యాబినెట్‌లోంచి గిటారు నిండుగా, తీయగా వచ్చింది. లీడరు కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేశాడు. కొడుకు గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయాడు. ఆ గదిలో ఆ మోతను ఉన్నదున్నట్టు వినలేనిది, దాన్ని పుట్టిస్తున్న మనిషి ఒక్కడే.

"పెద్ద కచేరీకి మీరే మాస్టారూ" అన్నాడు లీడరు లేచి. "మళ్లీ అడగను. ఒక్క షరతు. నాబ్‌లు మాత్రం అమ్మాయి పెట్టినట్టే ఉంచండి."

"అమ్మాయి పెట్టినట్టే" అన్నారు మామగారు.

కోడలు గ్లాసులు తేవడానికి వంటింట్లోకి వెళ్లింది. వెనకాలే అత్తగారు వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"తప్పు నీదా?"

"అవునత్తయ్యా. ఆ సెట్టింగు..."

"నా దగ్గర కూడానా?" ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే దురుసు లేదు. "స్టవ్వు మీద కెటిల్ కూసి కూసి నీళ్లు ఇగిరిపోతుంటే, ఆయన పక్కనే కూర్చుని తీరిగ్గా పేపరు చదువుకునేవాడు. నాకు తెలియదనుకున్నావా?"

కోడలి చేతిలో గ్లాసు ఆగిపోయింది. "మీకు తెలుసా?"

"నేను ఊరికే అరుస్తున్నాననుకున్నారు అందరూ. నేను అరిస్తే ఆయన తగ్గించేవాడు. ఎక్కడ ఆపాలో ఆయనకి అలా తెలిసేది. నా గొంతు అరిగిపోయింది తల్లీ." అత్తగారు గట్టుకి ఆనుకుంది. "నేను డాక్టరు పేరెత్తితే ఇల్లు పీకి పందిరేస్తాడు. పెళ్లాం మాట కదా. నువ్వు ఇవాళ దుప్పటి కప్పి ఆ పరీక్ష పెడుతుంటే, ఈ పిల్ల కనిపెట్టేసింది, నలుగురి ముందూ చెప్పేస్తుంది, ఇంక నాకీ అరుపులు తప్పుతాయి అనుకున్నాను. నువ్వు చెబితే వినేవాడు."

"నేను... ఆయన కుర్చీ పోతుందని..."

"తెలుసు. మంచిదే చేశావు. నేనూ అలా అనుకునే ఇన్నాళ్లూ చేశాను."

కోడలు హాలు వైపు చూసింది. ఇప్పుడు హాల్లోకి వెళ్లి చెప్పేయనా? ఇందాక తప్పు నాదే అన్న నోటితో ఏమని చెప్పడం? చెబితే నమ్ముతారా? అసలు తను కాపాడింది ఆయన్నా, ఆయన చెవిటితనాన్నా?

హాల్లోంచి గిటారు మళ్లీ మొదలైంది. నాలుగు స్వరాలు వాయించి ఆగింది.

"అమ్మాయ్!" మామగారి పిలుపు హుషారుగా ఉంది. చాలాకాలంగా ఆ గొంతులో లేని హుషారు. "ఒక్కసారి ఇలా రా. ఇదెలా ఉందో చెప్పు!"

అత్తగారు ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుంది.

"వెళ్లు, పిలుస్తున్నాడు" అంది. "ఇంక రోజూ పిలుస్తాడు."